స్పైసర్ వాగులో చేపల్లేవు

ఆ కొండల్లో ఎవరినైనా ఓటెవరికేశావని అడగొచ్చు, పెళ్ళాంతో ఎందుకు చెడిందని అడగొచ్చు. ట్రౌట్ చేప ఎక్కడ పట్టావని మాత్రం అడగకూడదు. అడిగినవాడికి బుద్ధి లేదంటారు. చెప్పినవాడికి అసలే లేదంటారు.

ఎల్వుడ్ జెర్బీ ఈ విద్యలో ఆరితేరినవాడు. పెన్సిల్వేనియా ఉత్తరపు కొసన, అడవిని ఆనుకుని ఉన్న ఊరు అతనిది. రంపపు మిల్లులో చేసి చేసి రిటైరయ్యాడు. కొత్తవాడెవడైనా నోరుజారి "ఎక్కడ తగిలింది ఎల్వుడ్?" అంటే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పై పెదవికి" అనేవాడు. గాలం తగిలేది అక్కడే కాబట్టి అబద్ధమూ కాదు. ఊరంతా ఈ జోకు వెయ్యిసార్లు విన్నది, వెయ్యిసార్లూ నవ్వింది.

ఆ ఊళ్ళో చేపలు రెండు రకాలు. సర్కారువాళ్ళు సిమెంటు తొట్లలో పెంచి, వసంతం రాగానే లారీల్లో తెచ్చి పెద్ద ఏట్లో పోసేవి తొట్టి చేపలు. గోడలకు రాసుకుని రాసుకుని వాటి రెక్కలు అరిగిపోయి ఉంటాయి. కొండమీది చల్లటి వాగుల్లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే గుడ్లుపెట్టి చచ్చేవి వాగు చేపలు. జానెడు మించవు. నారింజరంగు పొట్ట, రెక్క అంచున సున్నం గీసినట్టు తెల్లటి గీత. తొట్టి చేప పట్టినవాడు ఫొటో దిగుతాడు, వాగు చేప పట్టినవాడు నోరు మూసుకుంటాడు. మర్యాదస్తుడికి ఆనవాలు అదే.

ఎల్వుడ్ నోరు మూసుకున్నది స్పైసర్ వాగు గురించి. రోడ్డు వంతెన దగ్గర చూస్తే దానికంటే దిక్కుమాలిన వాగు ఉండదు. చీలమండ లోతు, గోరువెచ్చటి నీళ్ళు. కొంత పైకెళితే అవీ ఉండవు, బండల కిందకి ఇంకిపోతాయి. ఎండిన రాళ్ళు చూసి ఎవడైనా వెనక్కి తిరగాల్సిందే. తిరక్కుండా ఆ రాళ్ళు దాటి ఎక్కితే హెమ్‌లాక్ చెట్ల చీకట్లో ఊటలున్నాయి. పళ్ళు జివ్వుమనే నీళ్ళు, ఆ నీళ్ళనిండా వాగు చేపలు. చిన్నప్పుడు తండ్రి తీసుకెళ్ళి చూపించి, "నీ పెళ్ళానికి కూడా చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. ఇర్మా ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేపలు వేపి పెట్టింది గానీ అవి ఎక్కడివో ఎరగదు. ఊరికి తండ్రీకొడుకులు చెప్పిన మాట ఒక్కటే: తాతలనాటి తోళ్ళ ఫ్యాక్టరీ విషంతో స్పైసర్ వాగు చచ్చిపోయింది. చివరికి ఆ ఫ్యాక్టరీ ఎక్కడుండేదో తెలియనివాళ్ళు కూడా అదే మాట తిరిగి ఎల్వుడ్‌కే చెప్పేవారు.

అబద్ధం ఊరికే ఆడలేదు. పక్క లోయలో కోల్టర్ వాగుండేది. సర్కారువాళ్ళు దాన్ని పరీక్షించి, అడవి ట్రౌట్ ఉన్న మేలురకం వాగని రిజిస్టర్లో వేశారు. ఇంకేముంది, ఫిలడెల్ఫియా నుంచీ జెర్సీ నుంచీ కార్లు బారులు తీరాయి. గట్లు విరిగాయి, గుంటల్లో బీరు డబ్బాలు తేలాయి. రిజిస్టరంటే చావు కబురని అప్పుడే ఎల్వుడ్ తీర్మానించుకున్నాడు. మనిషి ఒకసారి కళ్ళారా చూశాక ఇంకో వైపు నుంచి చూడమంటే చూడడు కదా.

ఆ వేసవిలో అతని చెల్లెలి కూతురు కోరిన్ వచ్చింది. కాలేజీలో చేపల చదువు చదివి వాగుల సర్వేలో చేరింది. వెంట ఇద్దరు మనుషులు, వీపుకి తగిలించుకునే బ్యాటరీ పెట్టె, దానికో కడ్డీ. కడ్డీ నీళ్ళలో పెడితే కరెంటుకి చేపలు కాసేపు సొమ్మసిల్లి తేలతాయి. పట్టి, కొలిచి, మళ్ళీ వదిలేస్తారు.

"ఇంతవరకూ ఎవరూ చూడని వాగులు బోలెడున్నాయి మావయ్యా. ఒక్కోటీ చూసుకుంటూ వస్తున్నాం. ఇవాళ మీ స్పైసర్," అంది.

"దాంట్లో ఏముందే చూడ్డానికి?"

"పెద్దవీ పిల్లలూ రెండూ దొరికితే అక్కడే పుడుతున్నట్టు లెక్క. అప్పుడు రిజిస్టర్‌కెక్కుతుంది. ఇక దాని మీద చెయ్యెయ్యాలంటే ఎవడికైనా చుక్కలు కనబడతాయి."

ఎల్వుడ్ చెవికెక్కింది ఒక్క ముక్కే. "రిజిస్టరంటే, అందరూ చూస్తారా?"

"చూస్తారు. ఫోన్లోనే చూడొచ్చు, మ్యాపుతో సహా."

చాలు. వంతెన దగ్గర వాళ్ళు కడ్డీ పెట్టి, వేలెడంత పరిగెలు తప్ప ఏమీ తేలకపోతే, ఎల్వుడ్ గట్టుమీద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకున్నాడు. పైన ఎలా ఉంటుందని కోరిన్ అడిగితే తనే లేచి దారి చూపించాడు, ఎండిన రాళ్ళదాకా.

"ఇదీ పైన. ఇక్కడికి చేప రావాలంటే బూట్లు తొడుక్కుని రావాలి."

కోరిన్ నవ్వి, రాయిమీద కూలబడి సీసా ఎత్తి నీళ్ళు తాగింది. "నువ్వు పుట్టినప్పట్నుంచీ తిరుగుతున్నావు కదా. ఎప్పుడూ చూళ్ళేదా?"

"చూస్తే నీకు చెప్పనా?"

ఆ పిల్ల అతని మొహంలోకి చూసింది. చిన్నప్పుడు గాలానికి ఎర గుచ్చడం నేర్పింది ఈ మావయ్యే. ఆ రోజు ఇంకా చూడాల్సిన వాగులున్నాయి, ఎండ మాడుస్తోంది. "సరే, నీ మాటే రాసేస్తా," అని లేచింది. ఇంటికి తీసుకెళ్తే ఇర్మా అందరికీ జింకమాంసంతో చేసిన బొలోనా సాసేజీ, బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్లూ పెట్టింది. ఎల్వుడ్ మాత్రం రెట్టింపు తిన్నాడు. తండ్రి బతికుంటే భుజం తట్టేవాడనుకున్నాడు.

అక్టోబరులో ఒక పొద్దున ఇర్మా పేపరు చూస్తూ, "గ్యాస్ బావి తవ్వుతారట, స్పైసర్ కొండమీద. వాగు వెంబడే రోడ్డట," అంది.

ఎల్వుడ్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"చేపల్లేని వాగు కాబట్టి మామూలు పర్మిషన్ చాలట. అదేంటి, మొహం అలా పెట్టావ్? చచ్చిన వాగేగా?"

అతను లేచి కొండెక్కాడు. చేపలు జతకట్టే రోజులు. ఊట దగ్గరి గుంటలో ఆడచేప పక్కకి ఒరిగి, తోకతో గులకరాళ్ళు ఊడ్చి గూడు చేస్తోంది. మగది పక్కనే కాపలా. రాళ్ళ సందుల్లో గుడ్లు పడతాయి, చలికాలమంతా అక్కడే ఉంటాయి, మంచు కరిగాక పిల్లలవుతాయి. అంతవరకూ ఆ సందుల్లో శుభ్రమైన నీళ్ళు పారాలి. అంతకంటే అవి ఎవరినీ ఏమీ కోరవు. రోడ్డు గుర్తుగా కట్టిన ఎర్ర రిబ్బన్లు ఆ గుంట మీదుగానే పోతున్నాయి.

మర్నాడు కోరిన్ ఇంటికెళ్ళాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టు కాసేపు వాళ్ళమ్మ మోకాళ్ళ గురించీ, కాసేపు కారు టైర్ల గురించీ మాట్లాడి, చివరికి అసలు సంగతి కక్కాడు.

"నువ్వు నాకు అబద్ధం చెప్పావ్," అంది కోరిన్.

"ఊరందరికీ అదే చెబుతాను కదే."

"నేను ఊరు కాదు మావయ్యా. నీ చెల్లెలి కూతుర్ని."

"ఇప్పుడొచ్చి చూడొచ్చుగా? రేపే రా. నేను తీసుకెళతా."

"గుడ్లు పెట్టే రోజుల్లో నీళ్ళలో కరెంటు పెట్టకూడదు. గుడ్లు పోతాయి. మళ్ళీ వేసవికే."

"రోడ్డు అప్పటిదాకా ఆగుతుందా?"

"ఎందుకాగుతుంది? చేపల్లేవని రాసింది నేనే. మా ఆఫీసు పెద్దాయనకి నా మొహం ఎలా చూపించాలో నాకు తెలీడం లేదు, నువ్వేమో రోడ్డు గురించి అడుగుతున్నావ్." అని, "ఫైర్ స్టేషన్ హాల్లో ఈ రోడ్డు గురించి మీటింగుంది. నువ్వే లేచి చెప్పు. అందరి ముందూ," అంది.

తండ్రికిచ్చిన మాట తప్పడం అంత తేలిక కాదు. మీటింగు రోజు ఎల్వుడ్ చొక్కా గుండీలు రెండుసార్లు తప్పుగా పెట్టుకున్నాడు. హాలు నిండిపోయింది. ముందు వరసలో కోరిన్, బల్ల వెనక కంపెనీ తరఫు మనిషి. ఎల్వుడ్ లేచాడు.

"స్పైసర్ వాగులో ట్రౌట్ ఉంది," అన్నాడు. "తొట్టివి కాదు. వాగువి."

వెనక వరస నుంచి మెర్ల్ ఫౌస్ట్, ఎల్వుడ్‌తో పాతికేళ్ళు మిల్లులో చేసినవాడు, గొంతు సవరించుకుని అడిగాడు:

"ఎక్కడ తగిలింది ఎల్వుడ్?"

"పై పెదవికి!" అంది హాలు హాలంతా ఒకే గొంతుతో.

కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. ఎగతాళి అయినా బాగుండేది. అదంతా ప్రేమే. కంపెనీవాణ్ణి బురిడీ కొట్టించడానికి మా ఎల్వుడ్ ఎంత చక్కగా బొంకుతున్నాడో అని మురిసిపోయారు. పక్కనున్నాయన వీపు మీద చరిచాడు కూడా. పులి కథలో పిల్లాడు లేని పులిని ఉందన్నాడు, ఇతను ఉన్న చేపల్ని లేవన్నాడు. ఫలితం దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ తేడా లేకపోయింది.

నవ్వులాగాక కంపెనీ మనిషి మర్యాదగా అన్నాడు: "అయ్యా, పోయిన వేసవి సర్వేలో ఇక్కడివారే ఒకరు, చిన్నప్పట్నుంచీ ఆ వాగు వెంట తిరిగినవారు, చేపల్లేవని చెప్పినట్టుంది. ఆయనెవరో మీకేమైనా తెలుసా?"

కోరిన్ తల దించుకుంది.

"తెలుసు," అని ఎల్వుడ్ కూర్చున్నాడు.

బయట పార్కింగులో మెర్ల్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "నిజంగానే ఉన్నాయా ఏంట్రా?"

"ఉన్నాయి."

"నాక్కూడా చెప్పలేదేం?"

"నువ్వు నీది చెప్పావా?"

మెర్ల్ ఆలోచించాడు. "లేదనుకో," అని తన ట్రక్కు వైపు వెళ్ళిపోయాడు. సాయం చేస్తానని అతనూ అనలేదు, చెయ్యమని ఇతనూ అడగలేదు. ఆ ఊరి మర్యాద అంత గొప్పది.

చలికాలంలో హెమ్‌లాక్‌లు కొట్టేశారు. రోడ్డు పడింది. రూలు ప్రకారం మట్టి జారకుండా నల్లగుడ్డ కంచెలు కూడా కట్టారు. మార్చిలో మంచు ఒక్కసారిగా కరిగి పైన వాన పడితే గుడ్డ కంచె ఏం ఆపుతుంది? సగం గట్టు గుంటలోకి దిగింది. ఎల్వుడ్ వెళ్ళి చూసి వచ్చి, రెండురోజులు అన్నం ముట్టలేదు. సంగతంతా అప్పటికి తెలిసిపోయిన ఇర్మా, "కంచే చేను మేసినట్టుంది నీ కాపలా," అంది. తిట్టినా బాగుండేది. మామూలుగా అంది.

వేసవిలో కోరిన్ వచ్చింది, ఈసారి నెరిసిన గడ్డం పెద్దాయన్ని వెంటబెట్టుకుని. ఎల్వుడ్ ముందు నడిచి, ఎండిన రాళ్ళు దాటించి, నీడలేని ఊట గుంటకి తీసుకెళ్ళాడు. గులకరాళ్ళుండాల్సిన చోట బూడిదరంగు ఒండ్రు. కడ్డీ నీళ్ళలో దిగింది. ఒక్క పిల్లా తేలలేదు. చివరికి పెద్ద బండ కింద నుంచి నాలుగు చేపలు పొట్టలు తిప్పుకుంటూ వచ్చాయి. ముదురువి, బక్కచిక్కినవి, అయినా పొట్టల మీద ఆ నారింజరంగు అలాగే ఉంది. బకెట్లో వాటిని చూడగానే ఎల్వుడ్‌కి కళ్ళు చెమర్చాయి.

"చూడండి. వాగువే. రెక్కలు చూడండి," అన్నాడు.

పెద్దాయన ఒకదాన్ని తడిచేత్తో ఎత్తి చూశాడు. "తొట్టివి కావు, ఒప్పుకుంటాను. కానీ ఏ వాగువి? అన్నీ ముసలివే, ఒక్క గుంటలోనే. వేరే చోట పట్టి బకెట్లో తెచ్చి వదిలినా ఇలాగే ఉంటుంది. రోడ్లు ఆపడానికి అలా చేసినవాళ్ళని చూశాను." కోపంగా అనలేదు. అని, పైన ఇంకేమైనా ఉందేమో చూసొస్తానని వెళ్ళాడు.

కోరిన్ బకెట్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తల ఎత్తకుండా అడిగింది:

"మావయ్యా, నిజం చెప్పు. నువ్వే తెచ్చి వదిలావా?"

ఫైర్ హాలంతా నవ్వినప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు. ఒట్టు వేద్దామనుకున్నాడు. దేని మీద వెయ్యాలి? తండ్రి మీద వేద్దామంటే ఈ వాగు గురించి మొదటి అబద్ధం ఆడింది ఆయనే.

"లేదమ్మా. ఇక్కడే పుట్టాయి. వీటి అమ్మమ్మలూ ఇక్కడే పుట్టాయి."

"ఊఁ," అంది కోరిన్. నమ్మానని అనలేదు. బకెట్ వంచి చేపల్ని మెల్లగా గుంటలోకి వదిలింది. ఒండ్రు లేచి నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి.

"ఏమని రాస్తావిప్పుడు?"

"చూసింది రాస్తా. ఇక్కడ పుడుతున్నట్టు ఆధారం లేదని."

"మరి నా మాట?"

కోరిన్ లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

"నీ మాట పోయినేడు రాశాను కదా మావయ్యా."