ఏడో సీసా కోసం వరసలో

నేను ఒక గుడ్డ కుర్చీని. నాలుగు సన్నటి ఇనప కాళ్లు, నీలం గుడ్డ, కుడి చేతి మీద కాఫీ గ్లాసు పట్టేంత వల సంచి. మడిస్తే గొడుగంత అవుతాను. పుట్టింది వియత్నాంలో ఒక రేకుల షెడ్డులో. నాకు గుడ్డ తొడిగిన అమ్మాయి రోజుకు నాలాంటి వాళ్లను మూడు వందల మందిని తయారుచేసేది, అదీ నిలబడి. మాలో ఒకరి మీద ఒక్క నిమిషం కూర్చునే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

మనుషులు కుర్చీ కొనేది విశ్రాంతి కోసం అని షెడ్డులో ఉన్నప్పుడు అనుకునేదాన్ని. ఇన్నేళ్లలో నా మీద విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు. అందరూ దేనికోసమో కాచుకునేవాళ్లే. నన్ను మొదట కొన్న మార్లీన్, కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ ఊరావిడ, పిల్లల ఫుట్‌బాల్ ఆట ఎప్పుడైపోతుందా అని ఆరేళ్లు నా అంచున కూర్చుని గడియారం చూసుకుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒక శనివారం పాత సామానుతో పాటు నన్నూ గరాజ్ ముందు అమ్మకానికి పెట్టింది. అటుగా నడుస్తూ వచ్చిన కోదండరామ్ నన్ను రెండుసార్లు తెరిచి మూసి చూసి, చంకన పెట్టుకుపోయాడు.

ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలభై ఆరేళ్ల వయసు, సొంత ఊరు నెల్లూరు. మనిషి నెమ్మది. ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, అరుదైన విస్కీ సీసాలు సేకరించడం. బర్బన్ అంటే మొక్కజొన్నతో చేసేది. రై అంటే ఆ పేరుగల గింజలతో చేసేది. రెండింటినీ కాల్చిన చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి మగ్గబెడతారు. ఒక్కో తయారీదారు ఏడాదికొకసారి, మచ్చుకన్నట్టు, కొద్ది సీసాలు మాత్రం బయటికి వదులుతాడు. వాటికోసం జనం తెల్లవారకముందే దుకాణం ముందు కుర్చీలు వేసుకుంటారు. ఆ వరసకో ధర్మం ఉంది. కాఫీకి వెళ్లినా, కాలకృత్యాలకు వెళ్లినా కుర్చీ ఉంటే చోటు ఉన్నట్టే. కానీ చీటీలు పంచే వేళకు మాత్రం కుర్చీలో మనిషి ఉండాలి. మనిషికి ఒక చీటీ. లాటరీలో చీటీ వస్తే ఒక సీసా. ఇంతా చేసి ఇంటికి తెచ్చుకున్న సీసా మూత ఎవరూ తీయరు. దానికోసం చలిలో అన్ని గంటలు మోకాళ్లు బిగబట్టుకోవడమెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అడగడానికి నాకు నోరు లేదు కనుక సరిపోయింది.

ఒక డిస్టిలరీ ఏటేటా వదిలే రై విస్కీలో మొదటి ఆరు సీసాలు కోదండరామ్ దగ్గర ఉన్నాయి. ఏడోది దొరికితే వరస పూర్తవుతుంది. ఇంటి కింద బేస్‌మెంట్‌లో గోడకు చెక్క అలమర, అందులో మొత్తం పంతొమ్మిది సీసాలు. శనివారం మధ్యాహ్నాలు పట్టాభి అనే స్నేహితుడు వచ్చి, సెల్‌ఫోన్ లైటు వేసి ఒక్కో లేబులూ చదివేవాడు. "ఒక్కసారి ముట్టుకోనా అన్నా?" అని అడిగి, పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకునేవాడు.

పాపం పట్టాభి. ఆయన ఎత్తుకున్నది టీ డికాషన్.

నన్ను ఆ అలమర ఎదురుగానే వేసి ఉంచేవారు కాబట్టి నాకు తెలుసు. ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నా మీద కూలబడి, రుచి ఎలా ఉందో చూద్దామని కోదండరామ్ ఒకటి తెరిచాడు. వారం తిరక్కుండా అది ఖాళీ అయింది. ఖాళీ సీసా అలమరలో కొట్టొచ్చినట్టు కనబడుతుందని పాలు పోయని టీ కాచి, వడకట్టి, మెడదాకా నింపాడు. ఎర్ర కొవ్వొత్తి కరిగించి మూతకు మైనం వేశాడు. అప్పుడాయన చేతులు వణికాయి. రెండో సీసాకి అంత వణకలేదు. అయిదోదానికి అసలు వణకలేదు. నాకు అప్పుడు భయం వేసింది. రెండేళ్లలో పదకొండు సీసాలు టీ అయ్యాయి. భార్య ఇందుమతికి తెలియకూడదు, అదొక్కటే ఆయన బెంగ. ఆమె మెట్లమీద అడుగు పెట్టిన చప్పుడైతే చాలు, నా మీంచి లేచి లేబుళ్లు తుడుస్తున్నట్టు నిలబడేవాడు.

ఏడో సీసా బయటికొచ్చే ఏడాది ఆమె తల్లి కామాక్షమ్మ ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. అరవై అయిదేళ్ల మనిషి, నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. భర్త మాలకొండయ్య సారాతో పోయాడు. ఆ జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడిన రోజుల్లో ఆవిడా కొంగు బిగించి వెళ్లినావిడే. అలాంటావిడను కోదండరామ్ వరసలో కూర్చోమని అడిగాడు. మనిషికి ఒక్క చీటీ అన్న రూలు మనిషిని ఎంతదాకా తీసుకుపోతుందో చూడండి.

"సారా కొట్టు ముందరా? నన్నా?" అంది కామాక్షమ్మ.

"ఆయన తాగడమ్మా. కొని దాచుకుంటాడంతే" అంది ఇందుమతి, సింకులో గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా.

కామాక్షమ్మ అల్లుడి మొహంలోకి కాసేపు చూసింది. "ఇంటినిండా పెట్టుకుని ముట్టని మగోణ్ణి నా జన్మలో చూళ్లా. అట్టాంటోడి కోసమైతే కూసుంటా పద అబ్బయ్యా" అంది. తలుపు పక్కన మడిచి నిలబెట్టిన నాకు ఆ మాట వినలేక సిగ్గేసింది. ఆయనకు వేసిందో లేదో తెలియదు. కారు తాళాలు వెతుక్కుంటున్నాడు.

నవంబరు, ఉదయం ఆరు గంటలు. చీర మీద రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, కూతురి బూట్లు. నా మీద అంత నిటారుగా కూర్చున్నవాళ్లు అంతకుముందు లేరు. అల్లుడు పక్కన, పట్టాభి దగ్గర అడిగి తెచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. వెనక కుర్చీలో రాయ్ అని రిటైరైన బస్సు డ్రైవరు, ఆవిడ చలికి ముడుచుకోవడం చూసి తన దుప్పటి ఇచ్చాడు. "మంచోడు. వీడు కూడా తాగడా?" అని అడిగింది అల్లుణ్ణి. దుప్పటి కప్పుకుని, "మేం కొట్టు ముందర పదకొండు రోజులు ఇట్టాగే కూసున్నాం. కుర్చీలు యాడివి, నేలమీదే. కొట్టోడు మూసుకుని పోయిందాకా లేవలా" అంది. కోదండరామ్ ఫోనులో తల దూర్చాడు.

చీటీలు పంచే అమ్మాయి, మద్యం కొనే అందరినీ అడిగినట్టే, ఆవిడకు ఇరవై ఒకటి నిండాయని రుజువు చూపించమంది. కామాక్షమ్మ కొంగుముడి విప్పి పాస్‌పోర్టు తీసింది. వరసంతా చప్పట్లు. లాటరీలో కోదండరామ్‌కు రాలేదు, రాయ్‌కు రాలేదు. కామాక్షమ్మకు వచ్చింది. ఆవిడ ఆ సీసాను ఎవరిదో ఎంగిలి గ్లాసు పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుని కారెక్కింది. అల్లుడి ఆనందం చూసి ఆవిడ కూడా నవ్వింది.

మధ్యాహ్నం, "నా చేత్తో నేనే పెడతా, యాడ పెడతావో చూపించు" అని బేస్‌మెంట్‌లోకి దిగింది. మోకాళ్ల నొప్పి ఆవిడది, అందుకని అల్లుడే నన్ను కిందికి తెచ్చి విప్పి వేశాడు. ఆవిడ కూర్చుని, ఏడో సీసాను వరస చివర పెట్టి, పక్క సీసాకి దుమ్ముందేమోనని కొంగుతో తుడిచి, వెలుగులోకి ఎత్తింది.

"ఏందబ్బయ్యా ఇది, పైన తెల్లగా తేలతా ఉంది?"

"పాతబడితే అలా వస్తుంది అత్తమ్మా."

ఆవిడ సీసాను కొంచెం వంచి చూసింది. తెల్లటి పొర మెల్లగా పక్కకు జరిగింది.

"సారాకు బూజు పట్టదబ్బయ్యా. మీ మామ గడ్డివాములో దాచిన ప్యాకెట్లు ఏడాదికి దొరికినా పట్టలా."

కోదండరామ్ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎన్ని?"

"పదకొండు."

"ఇందూకి తెలుసా?"

"తెలీదత్తమ్మా. తెలిస్తే నన్ను వదిలేసి పోతుంది. మీరు చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను. రేపట్నించి మానేస్తాను."

ఆవిడ ఆ సీసాను నేలకేసి కొడుతుందని నేను కాళ్లు బిగపట్టుకున్నాను. కొట్టలేదు. జాగ్రత్తగా తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టి, తిరిగొచ్చి నా మీద కూర్చుంది.

"నేను చెప్పను. పగలగొట్టీ పగలగొట్టీ నా చేతులు పడిపోయినయ్. ఆయన మాత్రం మానలా. నువ్వే పైకి పోయి చెప్పు. చెప్పిందాకా నేనీడ్నించి లేవను."

అప్పటికి మధ్యాహ్నం రెండున్నర అయింది. ఆయన మూడుసార్లు మెట్లెక్కి మూడుసార్లు దిగాడు. బతిమాలాడు, కోపం తెచ్చుకున్నాడు, మీకెందుకు మా సంసారం అన్నాడు. ఆవిడ కాఫీ తాగలేదు, నడుము వాల్చలేదు. వరసల్లో ఎన్నో గంటలు మోశాను గానీ, ఆ మధ్యాహ్నం నా కీళ్లన్నీ పట్టేశాయి. అయిదు గంటలకు ఆయన నాలుగోసారి మెట్లెక్కాడు. తలుపు మూసిన చప్పుడైంది. ఎంతసేపటికీ దిగలేదు.

దిగింది ఇందుమతి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కింది మెట్టు మీద కూర్చుంది.

"నాకు ముందే తెలుసమ్మా. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను వాడకుండానే టీ పొడి, ఎర్ర కొవ్వొత్తులు అయిపోతుంటే తెలీదా?"

"తెలిసీ నాకు అబద్ధం చెప్పావా? తెలిసీ ఊరకున్నావా, రెండేళ్లు?"

"నువ్వు నాన్నను రోజూ పట్టుకునేదానివి. రోజూ గొడవే. నేను పట్టుకోకూడదనుకున్నా. తనంతట తను చెప్తాడేమోనని చూశా. తప్పు చేశానేమో."

కామాక్షమ్మకు ఏడుపు ఆగలేదు. "మీ నాయన ఎన్నడూ చెప్పలేదే. ఒక్కసారి కూడా చెప్పలా" అంటూనే ఉంది. తప్పు ఎవరిదో నేను చెప్పలేను. ఒకావిడ అరిచి అలిసిపోయింది, ఇంకొకావిడ అరవకుండా అలిసిపోయింది.

పదకొండు సీసాలూ తల్లీకూతుళ్లు కడిగారు. మిగిలినవీ, ఆ ఏడోదీ పట్టాభి పట్టుకుపోయాడు. ఎందుకిస్తున్నావన్నా అని కూడా అడగలేదు. ఇప్పటికీ మూత తీసి ఉండడు. కోదండరామ్ గురువారాలు ఒక చర్చి హాలుకు వెళ్లడం మొదలుపెట్టాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారట. మొదటి నెలలో రెండుసార్లు మాట తప్పి తాగాడు, రెండుసార్లూ ఇంటికొచ్చి చెప్పాడు. కామాక్షమ్మ ఊరికి వెళ్లే రోజు ఆయన ఒట్టు వేయబోతే ఆవిడ చెయ్యి తోసేసింది. "ఒట్లు ఎయ్యబాక. మీ మామ నా తలమీద చాలా ఏశాడు. ఇందూకి అబద్ధం చెప్పబాక, అంతే."

మొన్న బుధవారం సాయంత్రం కోదండరామ్ ఒంటరిగా బేస్‌మెంట్‌లోకి వచ్చాడు. ఖాళీ అలమర ఎదురుగా నా మీద కూర్చున్నాడు. పది నిమిషాల్లో నాలుగుసార్లు కారు తాళాలు జేబులోంచి తీశాడు, పెట్టాడు. నా చేతులను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గుడ్డ కుట్లు పిగిలాయి. ఆఖరికి ఫోను తీశాడు.

"ఇందూ, తాగాలని ఉంది. చాలా ఉంది. కిందికి వస్తావా?"

ఆమె స్టవ్ కూడా ఆపకుండా వచ్చిందనుకుంటాను, పైన పోపు మాడిన వాసన వచ్చింది. ఆయన లేవబోతే వద్దని భుజం నొక్కి, కూర్చోవడానికి వేరే ఏమీ లేక నా చేతి మీదే కూర్చుంది. నేను ఒక్కరి కోసం చేసినదాన్ని. వెనక కాలు వంగింది, తర్వాత విరిగింది. ఇద్దరూ నేలమీద పడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు. లేవలేదు కూడా. పొగ అలారం మోగితే ఆమె పరుగెత్తి స్టవ్ ఆపి, తిరిగొచ్చి మళ్లీ ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. తాళాలు ఆమె గుప్పిట్లో ఉన్నాయి.

ఇప్పుడు నేను గరాజ్ ముందు చెత్త డబ్బా పక్కన ఉన్నాను. లారీ రేపొస్తుంది. బాగా అలిసిపోయాను, విరిగినందుకు నాకు బాధేమీ లేదు. ఇకమీద ఏమవుతుందో నాకు తెలియదు. గురువారాలు చాలా ఉన్నాయి, బుధవారాలు అంతకన్నా కష్టమైనవి. కానీ నేను విరిగిన సాయంత్రం ఆయన తాగలేదు.