రెండో ర

మూడో తరగతి గోడకున్న బొమ్మలు ఒక్కొక్కటే ఊడదీసి, ఏ బొమ్మ ఏ మేకుదో వెనకాల రాసుకుని, సెత్తీమియో బల్లలన్నీ కిటికీ వైపుకు జరిపాడు. ఆదివారం ఉదయం ఆరున్నర. ఏడింటికి తలుపులు తీస్తే, రోము నగరానికి మేయరును ఎన్నుకోవడానికి గర్బతెల్లా పేటలో సగం మంది ఈ బడికే వస్తారు. ఓటు వేసే మరుగులు నాలుగూ నిలబెట్టాలి, ఊగే కాళ్ల కింద కాగితం మడిచి పెట్టాలి, మెట్ల మీద ఏటవాలు చెక్క వెయ్యాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇవన్నీ చేస్తున్నది ఈ బంట్రోతే. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, నడుముకు తాళాల గుత్తి. అరవై ఆరేళ్లొచ్చినా చేతులు మాత్రం టోకు మార్కెట్లో టొమాటో పెట్టెలు మోసిన నాటి చేతులే. ఎవరు గెలిచినా ఈ బొమ్మలు మళ్లీ తగిలించేది నేనే కదా అని ప్రతి ఎన్నికకూ నవ్వుతుంటాడు.

ఈసారి నవ్వు రావడం లేదు. ఎర్మీనియా పంతులమ్మ ఓటు ఇవాళ అతను రాయాలి.

పంతులమ్మకు తొంభై మూడు. చెవులు దాదాపు పోయాయి, చేతులు వణుకుతాయి. రాయలేని ఓటరు నమ్మకమున్న మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. ఆమెకు మేనకోడలుంది. పక్కింట్లో డాక్టరున్నాడు. వాళ్లను కాదని బంట్రోతుకు కబురు పెట్టింది. మేయర్ల పేర్లు కాగితం మీద అచ్చయ్యే ఉంటాయి, గీత గీస్తే చాలు. కౌన్సిలరుగా ఎవరు కావాలో ఆ పేరు మాత్రం చేత్తో రాయాలి. ఆమెకు కావలసిన మనిషి పేరు సెర్రా. అదే జాబితాలో సెరా అని మరొకడున్నాడు. ఒక్క ర తగ్గితే ఓటు వాడి ఖాతాలో పడుతుంది.

రోము వీధుల్లో పుట్టినవాడి నోట్లో రెండు ర లు పక్కపక్కన బతకవు, ఒకదాన్ని మింగేస్తాడు. సెత్తీమియోకు సెర్రా అన్నా సెరా అన్నా ఒకటే. అతని చెయ్యి కూడా నోరు చెప్పినట్టే రాస్తుంది.

అసలు ఆ చేతికి రాత వచ్చిందే ఆలస్యంగా. రెండో తరగతిలోనే బడి మానేసి తండ్రి వెంట మార్కెట్టుకు పోయాడు. ఇరవై ఎనిమిదో ఏట ఇక్కడ ఊడ్చే పనికి చేరాక, ఎవరు ఏ కాగితం ఇచ్చినా "కళ్లజోడు మర్చిపోయానండీ" అని తప్పించుకునేవాడు. ఒకరోజు చీపుర్ల అలమారుకు, ఇవాళ వరండాకు మైనం పుయ్యొద్దని చీటీ అంటించారు. అతను శుభ్రంగా పూసి మెరిపించాడు. హెడ్ మిస్ట్రెస్ జర్రున జారి కూలబడింది. అందరూ తలో మాటా తిట్టారు. ఎర్మీనియా పంతులమ్మ ఒక్కతే చీటీ వంకా అతని వంకా చూసి ఊరుకుంది.

మర్నాడు పిలిచి, "నాలుగున్నరకు నా తరగతికి రా. కళ్లజోడు అక్కర్లేదు" అంది.

రెండు శీతకాలాలు చెప్పింది. పిల్లల బల్లలో మోకాళ్లు పట్టక ముడుచుకు కూర్చున్న ఆ మనిషి వెనక నిలబడి, చెయ్యి పట్టి దిద్దించేది. దిద్దడం అయ్యాక పెన్సిలు కొప్పులో దోపుకునేది. పదికి ఆరు వస్తే పాసు. అతనికెప్పుడూ అయిదున్నరే. ఆ అర మార్కు ఎప్పుడూ రెండో ర దగ్గరే పోయేది. చివరికి అయిదో తరగతి పరీక్ష గట్టెక్కాడు. ఉద్యోగం ఖాయమైంది, ఇల్లు నిలబడింది, కూతురు నర్సయింది. ఇంత చేసిన మనిషికి ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదు. చెప్పాలంటే చదువు రాని సంగతి పైకి అనాలి, అందుకు సిగ్గు. ఆమె కూడా ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. అందుకే అతనికి ఆమె అంటే అంత ప్రాణం.

పదింటికి ఆమెను చక్రాల కుర్చీలో తోసుకొస్తూ ఆఖరి ప్రయత్నం చేశాడు.

"మీ మేనకోడలు రాసేది కదండీ. నా రాత సంగతి మీకు తెలుసు."

"దాని సంగతీ తెలుసు. అది దానికి నచ్చిన పేరు రాస్తుంది. నువ్వు నేను చెప్పింది రాస్తావు."

బూత్ అధికారి లవీనియా ఓ కుర్ర లాయరు, మహా పట్టుదల మనిషి. ఓటుకిచ్చేవి చెరగని పెన్సిళ్లు, ప్రతివాళ్లూ తిరిగి ఇచ్చి కదలాలి. ఉన్న ఆరింటినీ పావుగంటకోసారి లెక్క చూసుకుంటోంది. పంతులమ్మ చేతుల వణుకు చూసి, సెత్తీమియో ఓటరు కార్డు వివరాలు రాసుకుని, ఇద్దరినీ మరుగులోకి పంపింది.

మేయరు గీత పంతులమ్మే వంకరటింకరగా గీసింది. కౌన్సిలరు పేరు అతని చెవిలో చెప్పి పెన్సిలు అందించింది. అతను మొదటి ర దాకా మూడక్షరాలు రాసి ఆగిపోయాడు.

"రెండు" అంది పంతులమ్మ. చెవులు వినపడవేమో, ఆ మాట గదంతా వినపడింది. "రెండు, సెత్తీమియో. రెండు."

బయట కిసుక్కున నవ్వారు. "అమ్మా, లోపలి మాటలు బయటికి రాకూడదు" అంది లవీనియా.

"ఏమంటోంది?"

"మెల్లగా చెప్పమంటోందండీ."

"రెండని చెప్పాను, ఎవరి పేరో చెప్పానా?"

వణికే చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. ఆ బరువు కిందే అతను రెండో ర రాశాడు. ఆమె కాగితాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"ఆరున్నర" అంది.

"ఏడు రాదాండీ?"

"రెండో ర నడుం వంగింది."

అతను పెన్సిలు ఆమెకిచ్చి కాగితం మడిచాడు. అది పెట్టెలో పడింది. అందరూ నవ్వుతూనే ఉన్నారు, పెన్సిలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

గుమ్మం పక్కనున్న తన గదిలోకి ఆమెను తోసుకెళ్లి, సెత్తీమియో కాఫీ పెట్టాడు. ఆరున్నర ఇచ్చిన ధైర్యమేమో, నోరు పెగిలింది.

"థాంక్సండీ."

"ఏంటి?"

"థాంక్సండీ అంటున్నా."

"దేనికి?"

తలుపు తెరిచి ఉంది. వరండా నిండా ఓటర్ల వరస. అందులో చేపలమ్మే తూల్లియో ఉన్నాడు, ఇద్దరు టీచర్లున్నారు, రోజూ తనను చూసే పిల్లల తల్లులున్నారు. సెత్తీమియో తలుపు వెయ్యలేదు.

"నాకు చదువు చెప్పినందుకండీ" అని గొంతెత్తి అన్నాడు. "ఇక్కడ చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. మీరే నేర్పారు."

వరసలో వాళ్లంతా ఇటు తిరిగి చూశారు. అతని గుండె మీంచి మైనం డబ్బా అంత బరువు దిగింది.

"అరవకు, అవతల ఎన్నిక జరుగుతోంది" అంది పంతులమ్మ. కానీ ముఖమంతా వెలిగిపోతోంది. "నేర్పకపోతే ఆ హెడ్ మిస్ట్రెస్ ఇంకోసారి పడేది. నాకు పంచదార ఒకటిన్నర చెంచా."

అతను అటు తిరిగి ఆ అర చెంచా జాగ్రత్తగా కొలిచి వేశాడు. ఇటు తిరిగేసరికి ఆమె తల గుండెల మీదకు వాలి ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. అవి వణకడం లేదు.

కప్పు కింద పెట్టి, అతను ఆ చేతులు పట్టుకుని నిలబడిపోయాడు.

"సెత్తీమియోగారూ, ఒక పెన్సిలు తగ్గింది" అంటూ లోపలికొచ్చిన లవీనియా గుమ్మం దగ్గరే ఆగింది.

తెల్ల కొప్పులో పెన్సిలు దోపి ఉంది. అతను జుట్టు చెదరకుండా మెల్లగా లాగి, రెండు చేతులా అందించాడు.

"పెన్సిలు తిరిగివ్వని పిల్లలంటే ఆవిడకు పడదమ్మా" అన్నాడు.

డాక్టరు వచ్చాడు, మేనకోడలు వచ్చింది. మధ్యాహ్నానికి పంతులమ్మను తీసుకెళ్లారు. వరసలోని వాళ్లు టోపీలు తీసి దారిచ్చారు. తూల్లియో సెత్తీమియో భుజం తట్టి వెళ్లాడు. ఓట్లు మాత్రం ఆగలేదు. సాయంత్రం దాకా లవీనియా అయిదు పెన్సిళ్లతోనే ఎన్నిక నడిపించింది. ఆరోది బల్ల చివర అలాగే ఉంది, ఒంటికి చుట్టుకున్న ఒక పొడవాటి తెల్ల వెంట్రుకతో.