ఆకాశానికి గోడల్లేవు

కోలారు బంగారు గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా సొన్నప్ప నోట్లో మాత్రం మూడు షిఫ్టులూ నడుస్తూనే ఉండేవి. చాంపియన్ రీఫ్స్ గని వాడ టీ అంగట్లో కూర్చుంటే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"షాఫ్ట్‌లో వేసిన రాయి అడుగుకు చేరదప్పా. భూమి తిరగతా ఉంటాది కదా, రాయి పోయి పక్క గోడకు తగులుకుంటాది. గోడే దాన్ని మింగేస్తాది" అనేవాడు.

అది నిజమే. మైలు లోతున్న షాఫ్టుల్లో, అంటే గనిలోకి దిగే నిలువు బావుల్లో, అట్లాగే జరుగుతుంది. నిజంతో వచ్చిన చిక్కేమిటంటే, దానికి తోక తగిలించడం చాలా సులువు. సొన్నప్ప తగిలించాడు.

"ఆకాశానికీ అదే లెక్క. పైకి కాల్చిన గుండు కిందికి రాదు. గాలే నమిలి మింగేస్తాది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. అందరూ తలలూపారు. అందరికంటే గట్టిగా నమ్మినవాడు సొన్నప్పే.

ఏటా మామిడి కాలంలో ఆయన, భార్య మునిలక్ష్మమ్మ శ్రీనివాసపురం పక్కన చెన్నరాయప్ప తోటకు కాపలా పోతారు. చెన్నరాయప్పకు లైసెన్సు తుపాకి ఉంది. కోతుల గుంపు దిగినప్పుడు దాన్ని ఆకాశంలోకి పేల్చడం సొన్నప్ప పని. మామూలుగా ఆవగింజలంత రవ్వలుండే తూటా వేస్తాడు. ఆ ఏడు మే నెలలో ఒక ఉదయం రవ్వల తూటాలు అయిపోయాయి. అడవిపందుల కోసం దాచిన తూటా ఒకటి ఉంది, అందులో గోళీకాయంత సీసపు గుండు. పైకే కదా, ఏదైతేనేమని వేశాడు. చెట్ల మీదుగా ఏటవాలుగా పేల్చాడు. కోతులు పారిపోయాయి. సొన్నప్ప చేతులు కడుక్కుని సంగటి తిన్నాడు.

మిట్టకు అవతల, అర మైలు దూరంలో, పట్టుపురుగులకు ఆకు కోస్తున్న చెన్నమ్మ తల పగిలి మల్బరీ సాళ్ళలోనే పడి చనిపోయింది.

ఆ పొలం పక్కనే రాళ్ళ క్వారీ. ఆ ఉదయమే అక్కడ మందు పేల్చారు. ఇంక ఆలోచించడానికేముంది? క్వారీ రాయి ఎగిరి తగిలిందని ఊరు తీర్పు చెప్పేసింది. పొలం నిండా రాళ్ళే, ఏ రాయి చూపించినా సరిపోయేది. పోలీసులు ఒక రాయిని సంచిలో వేసుకుని, మందు పెట్టిన మునేష్‌ను జీపెక్కించారు.

మునేష్ ఎవరో కాదు, గనిలో సొన్నప్పతో జతగా పనిచేసి చనిపోయిన రామచంద్ర కొడుకు. మందు పని వాడికి నేర్పింది సొన్నప్పే. ఎన్ని రంధ్రాల్లో మందు పెట్టావో అన్ని చప్పుళ్ళూ లెక్కపెట్టాలి, ఒకటి తగ్గినా అడుగు కదపకూడదు. గని కట్టుబాటు అది. జీపెక్కుతూ వాడు, గుంపులో ఉన్న సొన్నప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, పన్నెండు పెట్టినాను, పన్నెండూ లెక్కపెట్టినాను. రాళ్ళన్నీ పడమటికే పడినాయి. ఆ యమ్మ తూరుపున ఉండింది. నువ్వన్నా చెప్పు మామా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సొన్నప్ప చెయ్యి దానంతటదే తన తలమీదికి పోయింది. వాడు తప్పు లెక్క పెట్టడు. వాడి రాయి కాకపోతే, ఆ పూట ఆ వైపు పోయింది ఇంకొక్కటే.

ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. గాలి గుండును మింగేస్తుందన్నది నిజమైతే తను నిశ్చింతగా ఉండవచ్చు. కాకపోతే మునేష్ కూర్చున్న చోట తను కూర్చోవాలి. తేల్చుకోక తప్పదు.

కాయ కోతలు ముగిసే వారంలో తుపాకిని మూడు ముక్కలుగా విప్పి, సంచిలో పెట్టి పైన మామిడికాయలు పరిచాడు. పందుల తూటాలు మూడు జేబులో వేసుకున్నాడు. తప్పని తెలుసు. పెళ్ళాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

కేజీఎఫ్‌లో సైనైడ్ దిబ్బల మీద గడ్డి మొలవదు, మేక తిరగదు. బంగారం తీసేసిన రాతిపిండి కొండలవి. పైన ఏది పడినా గుర్తు మిగులుతుంది. అందుకే అక్కడికి వెళ్ళాడు. ఎర్రటి ఎండలో దిబ్బ నడిమధ్య నిలబడి, తన పాత గని హెల్మెట్ తీసి మునిలక్ష్మమ్మ తలకు పెట్టాడు.

"నాకెందుకప్పా ఇది? గాలి మింగేస్తాదంటివే?" అందామె.

సొన్నప్ప తుపాకి ముక్కలు బిగించి తూటా వేశాడు.

మొదటిది పేల్చి నూరు దాకా లెక్కపెట్టాడు. ఏ చప్పుడూ లేదు. రెండోదీ అంతే. నెల రోజుల తర్వాత ఆయన మొహంలో మొదటిసారి రక్తం కనబడింది. "చూసినావా? నేను చెప్పలే?" అన్నాడు.

మూడోది నిట్టనిలువుగా పేల్చాడు. పది, పదిహేను, ఇరవై. ఇరవై రెండు దగ్గర, అరవై అడుగుల అవతల ధప్పుమంది.

ముందు మునిలక్ష్మమ్మే వెళ్ళింది. అట్టగట్టిన నేలలో గుండ్రటి రంధ్రం. సొన్నప్ప మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ తవ్వి చెయ్యి పెట్టాడు. జానెడు లోతున దొరికింది. పోయింది పోయినట్టే వచ్చింది, గాలి దాన్ని గోరంత కూడా నమలలేదు.

"షాఫ్ట్‌కైతే గోడ ఉండాది. దీనికి యాడుండాదప్పా గోడ?" అందామె పైకి చూస్తూ.

సొన్నప్ప ఆ బూడిదరంగు పిండిలో కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గనిలో ఎంతోమంది చావు చూశాడు గాని, తన చేతి చావు ఇదే మొదటిది. ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"ఎవురికీ చెప్పొద్దు. మనమెన్నాళ్ళుంటాము ఇంగ? చెన్నమ్మ ఎట్లానూ తిరిగి రాదు."

"మునేష్ రావల్ల కదమ్మా" అన్నాడు.

మరుసటి ఉదయం శ్రీనివాసపురం తిరిగి వచ్చి, తుపాకిని చెన్నరాయప్ప ఇంట్లో అప్పగించి, పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాడు. ఎస్సై వాకిట్లో నిలబడి కాఫీ తాగుతున్నాడు. సొన్నప్ప గుండును అరచేతిలో పెట్టి చూపించి, జరిగిందంతా చెప్పాడు. ఎస్సైకి నవ్వాగలేదు.

"ఏమి తాతా, ఎండ దెబ్బ తగిలిందా? గాల్లోకి కాలిస్తే మనుషులు చస్తారా? పెళ్ళిళ్ళల్లో కాలుస్తారు. గుంపు చెదరకపోతే మేమే కాలుస్తాము. గాల్లోకి పోయింది గాల్లోనే పోతాది. పిల్లోడి మీద ప్రేమ ఉంటే బెయిలు చూసుకో, పో."

తన మాటే. టీ అంగట్లో పాతికేళ్ళు తను చెప్పిన మాటే ఎస్సై నోట్లోంచి వస్తోంది. సొన్నప్పకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యమే ధైర్యమూ ఇచ్చింది.

"అట్లయితే సార్, తుపాకి చెన్నరాయప్ప సావుకారింట్లో ఉండాది, తెప్పియ్యండి. నేను పైకి కాలుస్తాను. మీరు ఈడనే, ఇట్లనే నిలబడండి."

నవ్వు ఆగింది. కాఫీ లోటా చేతిలో అట్లాగే ఉంది. ఎస్సై తల ఎత్తి, మబ్బు తునక కూడా లేని ఆకాశాన్ని ఒకసారి చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి వరండా కప్పు కిందికి వెళ్ళాడు. గుండు వంక చూసి, కాగితాలు తెమ్మని లోపలున్న రైటర్‌ను కేకేశాడు.

"పేరు చెప్పు తాతా."

"సొన్నప్ప."

"తండ్రి పేరు?"