ఎనభై ఎనిమిదో ఆకు

యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తు మునిగిన వరద తర్వాత ఆరో ఏడు ఇది జరిగింది. మా వీధిలో ఏళ్ళను ఆ వరద నుంచే లెక్కపెడతారు. దానికి ముందు పుట్టినవాడు, తర్వాత పుట్టినవాడు అని పిల్లల వయసు చెప్పుకుంటారు.

నాది పుస్తకాల బైండింగు. యూనివర్సిటీ గేటు ఎదుటి సందులో, జిరాక్సు దుకాణం పక్కన ఒక గది. గదిలో ఒక బల్ల, ఇనప ప్రెస్సు, కాగితాలు కత్తిరించే మిషను, జిగురు కాచుకునే పొయ్యి. మూడో తరగతి దాకా చదివాను. పుస్తకంలో ఏముందో నాకక్కర్లేదు, పేజీల నంబర్లు వరసగా ఉంటే చాలు.

నా తోడల్లుడిదీ ఇదే పని. నా భార్యకు అక్క మొగుడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నాలుగు తరగతులు ఎక్కువ. లైబ్రరీలోనే బైండింగు గదిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన మాట్లాడుతుంటే పక్క దుకాణాల వాళ్ళు పని ఆపి వింటారు. నేను రెండు మాటలు కలిపితే ఒంట్లో బాగుందా అని అడుగుతారు.

వరద తీసినప్పుడు ఇద్దరం కలిసి నలభై రోజులు ఆ లైబ్రరీలో తడి పుస్తకాల మధ్య పనిచేశాం. బురద కడిగాం, ఆకుకూ ఆకుకూ మధ్య తెల్లకాగితం పెట్టాం, తాళ్ళ మీద ఆరేశాం. అది అయిన ఏడాదికి తోడల్లుడు బైండింగు పనివాళ్ళ సంఘం పత్రికలో నాలుగు పేజీలు రాశాడు. నేను చదివించుకుని విన్నాను. "ఈ పనిలో నేనూ, మిగతావారూ" అని ఉంది. ఆ మిగతావారంటే నేనే. నాలుగు పేజీల్లో పావు వంతు నేను చెప్పిన మాటలే. సగం అని చాలాసార్లు అనుకున్నాను గాని, పావే.

ఇదంతా నేను మింగేశాను. మింగింది అరగలేదు.

నా కూతురి కూతురు యూనివర్సిటీలో చివరి సంవత్సరం. తడిసిన పుస్తకాలను కాపాడడం గురించి థీసిస్ రాస్తానంది. క్లాసులు కాగానే నా దుకాణానికి వచ్చి బల్ల చివర కూర్చునేది. దాని దగ్గర అరచెయ్యంత అట్టకార్డులుండేవి. చదివిందీ విన్నదీ ఒక్కో కార్డు మీద ఒక్కో సంగతి రాసేది.

"తాతయ్యా, పుస్తకం తడిస్తే మొదట ఏం చెయ్యాలి?"

"నీడలో పెట్టాలి."

"ఎందుకు?"

"ఎండకు వంకరపోతుంది."

"ఇంకా?"

"అంతే."

కార్డు మీద 'నీడలో' అని రాసి, కింద నా పేరు, దుకాణం, మంగళవారం, తేదీ అన్నీ వేసింది.

"ఒక్క ముక్కకు ఇంత తతంగమా?" అన్నాను.

"ఎవరు ఎప్పుడన్నారో రాసుకోకపోతే నాలుగు నెలలు పోయాక అది నా సొంత తెలివే అనిపిస్తుంది తాతయ్యా. నాది కానిది నాదైపోకూడదుగా."

ఆ మాట బాగుందనుకున్నాను. పత్రికలో రాసేముందు తోడల్లుడికి ఎవరైనా ఇది చెప్పి ఉంటే ఇంకా బాగుండేదనుకున్నాను.

మర్నాడు అది వాళ్ళ పెదతాతయ్య ఇంటికి వెళ్ళింది. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చింది, చేతిలో రబ్బరుబ్యాండు వేసిన కార్డుల కట్ట. చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు లెక్కపెట్టాను. పందొమ్మిది. నావి మూడు.

"పెదతాతయ్య ఎంత బాగా చెప్తాడో," అంది వచ్చి.

నేను సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. ఎక్కలేదు.

ఇంట్లో అన్నం దగ్గర నా భార్య కనిపెట్టేసింది.

"ఏమయ్యా, కోపం కూర మీదా, మా బావ మీదా?"

"ఉప్పు లేదు."

"ఉప్పుంది. మా బావ పేరు వినపడిన రోజు నీకు ఏదీ రుచించదు. పెళ్ళయిన కొత్తలో మజ్జిగ కూడా చేదన్నావు."

నేను మజ్జిగ పోసుకున్నాను.

తర్వాత ఇంకొకటి జరిగింది. థీసిస్ అచ్చు తీశాక అది ఒక కాపీ తోడల్లుడికి ఇచ్చింది, తప్పులుంటే చూడమని. నాకు ఇవ్వలేదు. ఇచ్చినా నేను చదవలేను, అది వేరే సంగతి. ఆయన బట్టలకొట్టు సంచిలో ఆ కాపీ పెట్టుకుని మా సందులోంచే రెండుసార్లు వెళ్ళాడు. వేరే దారి ఉంది. అటు వెళ్ళలేదు.

వారం పోయాక మనవరాలు నాలుగు కట్టలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒకవైపే అచ్చు, కట్టకు తొంభై ఆకులు.

"రేపు పదకొండు లోపల ఆఫీసులో ఇవ్వాలి తాతయ్యా. నీ చేత్తోనే బైండింగు చేయాలి, ఇంకెవరికీ ఇవ్వను."

ఆ మాటకు పొంగిపోయాను. మధ్యాహ్నం తలుపు దగ్గరకు వేసి పని మొదలుపెట్టాను. ముందు నంబర్లు చూసుకోవాలి. ఒకటి నుంచి చూస్తూ ఎనభై ఆరు దాకా వెళ్ళాను. ఎనభై ఏడు నుంచి పేర్ల వరసలు. ఒక్కో పేరు, సంవత్సరం, పుస్తకం పేరు, పేజీలు. అక్షరాల వరసలో ఉన్నాయి. ఎనభై ఎనిమిదో ఆకులో మూడో వరస దగ్గర నా వేలు ఆగింది. కూడబలుక్కుని చదివాను. తోడల్లుడి పేరు. పక్కన సంఘం పత్రిక, సంవత్సరం, నాలుగు పేజీల నంబర్లు.

నా పేరు కోసం వెతికాను. ఎనభై ఏడులో లేదు, ఎనభై ఎనిమిదిలో లేదు, ఎనభై తొమ్మిదిలో లేదు, తొంభైలోనూ లేదు. వేలు పెట్టి మళ్ళీ మొదటినుంచి వెతికాను. ముక్కూ మొహం తెలియని దొరల పేర్లున్నాయి, చచ్చిపోయినవాళ్ళ పేర్లున్నాయి, కంపెనీల పేర్లు కూడా ఉన్నాయి. నాది లేదు.

ఆ పట్టిక దేనికో నాకు తెలియదు. శుభలేఖ చివర చుట్టాల పేర్లు వేస్తారే, అలాంటిదనుకున్నాను. కావలసినవాళ్ళను వేసుకుంటారు, అక్కర్లేనివాళ్ళను వదిలేస్తారు. అటువంటి ఆకు ఒకటి లేకపోతే పెళ్ళి ఆగదుగదా అనుకున్నాను. తొంభై ఆకుల్లో చివరి పేర్లు ఎవరు చూస్తారు?

నాలుగు కట్టల్లోంచీ ఎనభై ఎనిమిదో ఆకు లాగేశాను.

బైండింగులో పుస్తకం వెన్నుకు పాత కాగితం పట్టీలు అంటిస్తాం, గట్టిదనానికి. ఆ నాలుగు ఆకులూ పట్టీలుగా చింపి, జిగురు పూసి, నాలుగు వెన్నులకూ అంటించాను. పైన గుడ్డ వేశాను. అట్టలు ఎక్కించి ప్రెస్సులో బిగించాను. ప్రెస్సు చక్రం ఎప్పుడూ తిప్పేదానికంటే ఒక చుట్టు ఎక్కువ తిప్పానని నాకు తెలుసు.

సాయంత్రం మనవరాలు వచ్చింది. వెంట తోడల్లుడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, ప్రెస్సు కింద పుస్తకాలున్నాయా, నేనున్నానా? అంత బిగించావేం?"

మనవరాలు నవ్వింది. నేను టీ చెప్పాను. టీ తాగుతూ అది తన క్లాసు అమ్మాయి సంగతి ఎత్తింది.

"పాపం, దాని థీసిస్ వెనక్కి ఇచ్చేశారు పెదతాతయ్యా. లోపల ముగ్గురి పుస్తకాల్లోంచి మాటలు వాడుకుంది, చివరి పట్టికలో ఆ ముగ్గురి పేర్లూ వేయడం మర్చిపోయింది. మా గైడు మేడం స్కేలు పెట్టి చూస్తుంది. లోపల వాడుకున్న ప్రతి అచ్చు రచనకూ చివర పట్టికలో ఒక టిక్కు. ఎవరి మాటైనా వాడుకుని, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పకపోతే దొంగతనం కిందే లెక్క అంటుంది."

"వెనక్కిస్తే ఏమవుతుంది?" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ప్రశ్న అడగడం వాళ్ళకు కొత్త.

"ఏడాది పోతుంది తాతయ్యా. మళ్ళీ వచ్చే సంవత్సరమే."

"ఒక్క పేరు లేకపోయినా?"

"ఒక్కటైనా అంతే. ఆ పట్టిక గొప్పకోసం కాదు. చదివినవాళ్ళు నా మాట నమ్మక్కర్లేదు, వెళ్ళి వాళ్ళే చూసుకోవచ్చని దారి చూపించడం."

నా చేతిలో టీ చల్లారిపోతోంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మరి నా పేరు లేదేం?"

"నువ్వు చెప్పింది నోటిమాట కదా. ఎవరైనా వెళ్ళి వెతుక్కుందామంటే ఎక్కడుంది? నోటిమాటలు ఆ పట్టికలో వెయ్యరు, లోపలే రాస్తారు. నీ పేరూ, తేదీ లోపల రాశాను. చూపిస్తానుండు."

"ప్రెస్సు విప్పకూడదు," అన్నాను. "జిగురు ఆరాలి. రేపు పదింటికి రా."

వాళ్ళు వెళ్ళాక ఆ ప్రెస్సు ఎదుట చాలాసేపు నిలబడ్డాను. ఆకులు నా చేతుల్లో లేవు. ముక్కలై వెన్నుల్లో ఉన్నాయి. మళ్ళీ అచ్చు తీయించాలంటే పిల్లకు చెప్పాలి. ఆ వెన్నులు చూపించి ఎలా చెప్పను? ఆలోచించగా ఆలోచించగా ఒక్కటే దారి కనిపించింది. ఎనభై ఎనిమిదో ఆకు ఊళ్ళో ఇంకొక్క చోట ఉంది. ఉండకూడని చోటే ఉంది.

పొద్దున ఏడింటికి తోడల్లుడి ఇంటి తలుపు తట్టాను. వదిన తీసింది.

"ఏం మరిదీ, దారి తప్పావా? మా గడప తొక్కి మూడేళ్ళయింది."

తోడల్లుడు వెనక నుంచి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"అన్నయ్యా, ఆ కాపీ కావాలి."

"ఏ కాపీ?"

"పిల్ల ఇచ్చింది. ఎనభై ఎనిమిదో ఆకు."

లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని కాపీ తెచ్చాడు. ఆ ఆకు తీశాడు. మూడో వరసలో తన పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా గీసుకుని ఉన్నాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"పోయిందా, పోగొట్టావా?"

"చింపాను."

"నాలుగూ?"

"నాలుగూ."

వదిన చెంబు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఎప్పటికైనా ఏదో ఒకటి చింపుతావని తెలుసు. ఐదేళ్ళు పట్టింది," అన్నాడు.

ముందు వెనక ఆకులు సరిపోతాయో లేదో చూడాలి కదా అని నేను కాపీ అందుకుని తిరగేశాను. ప్రతి రెండు మూడు ఆకులకూ అంచున పెన్సిలు గీతలు. కొన్ని ఎడమ పక్క, కొన్ని కుడి పక్క.

"ఇవేంటి? తప్పులా?"

ఆయన కిటికీలోంచి బయటకు చూశాడు.

"ఎడమవి నా పేరొచ్చిన చోట్లు. కుడివి నీవి."

"ఎన్ని?"

"నావి తొమ్మిది. నీవి పదకొండు."

"లెక్కపెట్టావా?"

"రెండుసార్లు. ఒకసారికి పొరపాటు పడొచ్చుగా." కళ్ళజోడు తీసి అన్నాడు, "ఒక పూటంతా కూర్చుని చెప్పాను దానికి. సగం నా గొప్పలేనట, పనికిరావట. నువ్వు 'నీడలో' అన్నావు. దాన్ని నాలుగు చోట్ల రాసింది."

అప్పుడు నేను సిగ్గుపడాలి. పడ్డాను కూడా. కాని దానికంటే ముందు ఆ అంకె మనసులో ఇంకోసారి అనుకున్నాను. పదకొండు. దాచడం దేనికి, సంతోషమే వేసింది.

ఇద్దరం రబ్బరుతో ఆ పెన్సిలు సున్నా చెరిపాం. ఆయన కొంచెం నెమ్మదిగా చెరిపాడు. జిరాక్సు అతణ్ణి ఇంటికెళ్ళి లేపి తీసుకొచ్చాం. నాలుగు కాపీలు తీయించి, దుకాణానికి వెళ్ళి ప్రెస్సు విప్పాం. ఎనభై ఏడుకూ ఎనభై తొమ్మిదికీ మధ్య సందులో, దారంలా సన్నగా జిగురు రాసి ఆకు అంటించాలి. ఎక్కువైతే పక్క ఆకుకు అంటుకుంటుంది, తక్కువైతే ఊడుతుంది. రెండు నేను అంటించాను, రెండు ఆయన. ఆయనవి తిన్నగా వచ్చాయి. పని మానేసి ఇన్నాళ్ళయినా తిన్నగానే వచ్చాయి.

పదింటికి మనవరాలు వచ్చింది. పుస్తకాలు చూసి మురిసిపోయింది. మమ్మల్నిద్దరినీ ఒకే బల్ల దగ్గర చూసి ఆగింది.

తోడల్లుడు అందుకున్నాడు. "ఏం లేదమ్మా, నిన్న ఒక కాగితం తక్కువొచ్చింది, అచ్చులో ఎక్కడో..."

"నేను చింపాను," అన్నాను.

"ఏం చింపావు?"

"ఎనభై ఎనిమిది. ఇది జిరాక్సు."

"ఎందుకు తాతయ్యా?"

"ఈయన పేరుందని."

అది కూర్చుని నాలుగు పుస్తకాల్లోనూ ఆ ఆకు తీసి, ముందు ఆకు చివరి వరస, వెనక ఆకు మొదటి వరస కలుస్తున్నాయో లేదో చూసుకుంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. చూడడం అయ్యాక అంది:

"ఈ కాగితం మిగతావాటికంటే తెల్లగా ఉంది. మేడం అడిగితే నేనేం చెప్పాలి?"

"నేను చెప్తాను."

దుకాణానికి తాళం వేయలేదు, తోడల్లుణ్ణి కూర్చోమన్నాను. పుస్తకాలు సంచిలో వేసి నేనే మోసుకుని మనవరాలి వెనక యూనివర్సిటీ మెట్లెక్కాను. మేడం గదిలో ఆవిడ ఇంకా పుస్తకం తెరవకముందే, నిలబడే చెప్పాను. బైండింగు నాదనీ, ఆకు తీసింది నేననీ, పిల్లకు తెలియదనీ. ఎందుకు తీశారని అడిగింది. అసూయ అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, స్కేలు తీసి పట్టిక మీద పెట్టింది. ఒక్కో పేరు లోపల వెతుకుతూ టిక్కు పెట్టుకుంటూ పోయింది. అరగంట పట్టింది. ఆ అరగంట మనవరాలు నా వైపు చూడలేదు. చివరికి నాలుగింటి మీదా సంతకం చేసింది.

మెట్లు దిగేటప్పుడు నా చేతిలో సంచి మనవరాలు తీసుకుంది. పదకొండు కాకముందే ఆఫీసులో ఇచ్చేసింది.

దుకాణం దగ్గర తోడల్లుడు మెట్టు మీదకు వచ్చి నిలబడి ఉన్నాడు.

"మేడం తీసుకుందా?"

"తీసుకుంది," అని లోపలికి వెళ్ళి, ఆయనకు స్టూలు వేశాను.