దొరసాని బండి చప్పుడు

పాత కారుకి ఏ ఆయిల్ పొయ్యాలి అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది. అడిగేవాడు జవాబు కోసం అడగడు. వాళ్ల బాబాయి ఒకటి చెప్పి ఉంటాడు, పక్కింటాయన ఇంకొకటి చెప్పి ఉంటాడు, నేను దేనికో ఒకదానికి తలూపితే చాలని వస్తాడు. "ముసలి బండి కదా, చిక్కటిది పోసెయ్యండి" అంటాడొకడు. "ఖరీదైన బండండీ, కంపెనీ పుస్తకంలో ఉన్నదే పొయ్యాలి" అంటాడు ఇంకొకడు. ఆ పుస్తకం రాసిననాడు ఆ ఇంజన్ పెళ్లికూతురు. ఇప్పుడు అమ్మమ్మ. పెళ్లినాటి రవిక అమ్మమ్మకి పడుతుందా?

నిజానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. డబ్బా మీద రెండు అంకెలుంటాయి. ముందుది, చల్లబడిన ఇంజన్‌లో ఆయిల్ ఎంత త్వరగా పైకి పాకుతుందో చెబుతుంది. వెనకది, ఇంజన్ కాగాక అది ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. లోపల అరిగి సందులు పెరిగిన బండికి వెనక అంకె పెంచాలి. అంతే. అంత చిన్న లెక్కలో నేను మా అక్క కారు దగ్గర ఓడిపోయాను.

అది మా బావ పళ్లు పీకి కొన్న కారు. బావ దంతవైద్యుడు. ఒకప్పుడు గొప్పవాళ్ల ఇంట్లో తిరిగిన బండి అది. తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు, మూసినప్పుడు బీరువా తలుపులా బరువుగా పడే తలుపులు. కొన్నాడే గానీ బావకి డ్రైవింగ్ రాదు. పరాయివాళ్ల నోట్లో వేలు పెట్టడానికి జంకని మనిషి, స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యడానికి హడలిపోయేవాడు. అందుకని అక్కే నేర్చుకుంది. సాయంత్రం క్లినిక్ ముందు బండి ఆపితే బావ మెట్లు దిగి వచ్చి, "దొరసాని గారు వేంచేశారా" అని పక్క సీట్లో కూర్చునేవాడు.

కొన్నాళ్లకి ఇంజన్ పైభాగంలో ట్యాపెట్లు అరిగి టకటక మొదలైంది. బండి వేడెక్కి మలుపులో నెమ్మదించినప్పుడు, ఒకచోట ఆగినప్పుడే ఆ చప్పుడు. నా చెవికది పంటికింద రాయి. బాగు చేస్తానంటే బావ ఒప్పుకునేవాడు కాదు. "పళ్లు కదులుతున్నాయి, అంతేగా. ఉండనియ్యవయ్యా. వీధి మలుపులోనే తెలిసిపోతుంది మా ఆవిడ వచ్చిందని" అనేవాడు. పోసేది మాత్రం కంపెనీ చెప్పిన పలచటి థర్టీ ఆయిలే.

తర్వాత బావకి మరుపు జబ్బు వచ్చింది. ముందు పేషెంట్ల పేర్లు పోయాయి, తర్వాత క్లినిక్ పోయింది, తర్వాత మనుషులు. నేను బావమరిదినన్న సంగతి మర్చిపోయాడు. మెకానిక్‌నన్నది మాత్రం గుర్తుంది. బంధువుకన్నా మెకానిక్కే అవసరమనుకున్నాడేమో. "బాగున్నారా మెకానిక్ గారూ" అని మర్యాదగా పలకరిస్తాడు. ఆ మర్యాద నేను భరించలేను.

ఒకరోజు అక్క బండి నా షెడ్డుకి తెచ్చింది. ఆగినప్పుడల్లా డాష్‌బోర్డులో ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. ఆయిల్‌కి ఒత్తిడి చాలడం లేదని దానర్థం.

"ఎన్నాళ్ల నుంచి వెలుగుతోంది? ఇలాగే తిప్పితే బేరింగులు పోతాయి. అప్పుడు ఏడిస్తే లాభం లేదు" అని కసిరాను.

"ఏదో ఒకటి చెయ్యరా, నాకు టైమైపోతోంది" అంది.

పాత ఆయిల్ దింపాను. ఫిల్టర్ మార్చాను. చిక్కటి ఫిఫ్టీ పోసి స్టార్ట్ చేశాను. ఇంజన్ బాగా కాగేదాకా ఆగాను. ఎర్ర లైటు వెలగలేదు. టకటక మాయం. బానెట్ మీద చెయ్యి వేస్తే తప్ప ఇంజన్ తిరుగుతోందని తెలియనంత నిశ్శబ్దం. పొగడ్త కోసం అక్క వైపు చూశాను.

"చప్పుడేదిరా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఎలాగూ బావని చూసి చాలా రోజులైందని నేనూ బయల్దేరాను. దారంతా నా పనితనం వింటూ కూర్చున్నాను, అంటే ఏమీ వినపడలేదన్నమాట. అక్క గేటు ముందు బండి ఆపింది. ఇంజన్ ఆపలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కిటికీలో బావ కుర్చీలో ఉన్నాడు, మమ్మల్ని దాటి వీధిలోకి చూస్తున్నాడు. చివరికి అక్కే దిగి గేటు తీసుకుంది.

"ఎవరండీ?" అన్నాడు బావ లోపలికి వెళ్లగానే.

"నేనేనండీ."

"కూర్చోండమ్మా. మా ఆవిడ వచ్చే వేళయింది." నా వైపు తిరిగాడు. "మెకానిక్ గారూ, బండి దారిలో ఆగిపోయిందంటారా? ఎప్పుడూ ఇంత ఆలస్యం చెయ్యదు."

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లాను. గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"రోజూ ఈ వేళకి బండి గేటు దగ్గర ఆపుతానురా. ఆ టకటక వినపడగానే లేచొస్తారు. గేటు తీసి, నా మొహంలోకి చూసి, 'దొరసాని గారు వేంచేశారా' అంటారు. చేతిలో సంచీ అందుకుంటారు. మెట్లెక్కి లోపలికొచ్చి కూర్చునేదాకా నేను నేనే. తర్వాత మళ్లీ ఎవరండీ అంటారు. రోజు మొత్తంలో ఆ కాసేపే నాకు మొగుడున్నాడు. అది కూడా పోగొట్టావు కదరా."

బావ మర్చిపోయాడని ఊరందరికీ తెలుసు. అక్క ఇలా బతుకుతోందని తోడబుట్టిన నాకే తెలియదు.

"ఫోన్‌లో ఆ చప్పుడు పట్టి వినిపిస్తే?" అన్నాను.

"అదీ ఇదివరకే చేశాను, పగలు కూడా గుర్తుపడతారేమోనని. 'ఎవరిదో ఫోన్ మోగుతోంది చూడండి' అన్నారు. పాత ఆయిలే పోసెయ్యి."

"ఇంజన్ పోతుందక్కా."

"పోతే పోనీ."

"పోయాక ఆ చప్పుడు మాత్రం ఎక్కడి నుంచి వస్తుందే?"

"పోయేదాకా వస్తుంది కదా" అంది.

మర్నాడు పామూ చావకుండా కర్రా విరగకుండా మధ్యస్థంగా ఉండే ఫార్టీ పోసి చూశాను. చప్పుడు ఒకసారి వచ్చింది, ఒకసారి రాలేదు. బావ కుర్చీలోంచి సగం లేచి, చెవి ఒగ్గి, మళ్లీ కూర్చున్నాడట. అక్క ఆ సంగతి చెప్పి పలచటి ఆయిల్ డబ్బా నా ముందుకి జరిపింది. అదీ దింపేసి థర్టీ పోశాను. చంటిపిల్లకి విషం పట్టిస్తున్నట్టు అనిపించింది. "దూరం తిప్పకు, ఎక్కువసేపు ఆపి ఉంచకు" అని మాత్రం చెప్పాను.

అక్క అన్ని పనులకీ బస్సులో తిరగడం మొదలుపెట్టింది. సాయంత్రం ఒక్కసారే కారు తీసేది. ఇంజన్ కాగేవరకు నాలుగు వీధులు చుట్టి, ఖాళీ సంచీలో ఏ పాత పేపరో కుక్కి, గేటు ముందు ఆపేది. తిరిగి రావడానికే బయటికి వెళ్లేది. టకటక మోగేది. బావ వచ్చేవాడు. ఆ రోజుల్లో అక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కారెక్కేదని ఎదురింటావిడ నాకు చెప్పింది. ఈ వయసులో సింగారమేమిటని ఆవిడ వెక్కిరింపు. నేనిచ్చిన జవాబు తర్వాత ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక సాయంత్రం ఆయిల్ మట్టం చూద్దామని వాళ్లింటికి వెళ్లి గేటు పక్కన నిలబడ్డాను. బండి మలుపు తిరిగింది. టకటక ముందుకన్నా గట్టిగా ఉంది. బావ చకచకా వచ్చి గేటు తీశాడు. మొహం వెలిగిపోతోంది.

"దొరసాని గారు వేంచేశారా!"

అక్క దిగి నవ్వుతూ సంచీ చాపింది. బావ సంచీ అందుకోలేదు. ఆమె పక్కనుంచి వంగి డ్రైవర్ సీటు చూశాడు. వెనక తలుపు తీసి చూశాడు.

"మా ఆవిడేదమ్మా?"

"నేనేనండీ. ఇటు చూడండి."

"ఇది మా ఆవిడ బండి. మీరు తోలుకొచ్చారేమిటి? ఆవిడకేమైంది?" నా చొక్కా పట్టుకున్నాడు. "మెకానిక్ గారూ, మీరైనా చెప్పండి, ఏం జరిగింది?"

గేటు దాటి వీధిలోకి పరుగెత్తబోయాడు. నేను పట్టుకున్నాను. నా చేతుల్లో పక్షిపిల్లలా కొట్టుకున్నాడు. అక్క ఎదురుగా వచ్చి, "ఆవిడ బాగానే ఉన్నారండీ. వెనకాల నడిచి వస్తున్నారు. లోపల కూర్చుందాం రండి" అంది.

ఆ తర్వాత రోజూ అదే జరిగిందట. వారం తిరక్కుండానే అక్క షెడ్డుకి వచ్చి తాళాలు బల్ల మీద పెట్టింది.

"చిక్కటిది పొయ్యరా."

"ఇంకో నాలుగు రోజులు చూద్దామే. మళ్లీ గుర్తుపడతాడేమో."

"వద్దు. చప్పుడు వినపడితే ఆవిడ వచ్చిందని లేచి వస్తున్నారు. తీరా చూస్తే ఆవిడ ఉండటం లేదు. ఎంత అల్లాడిపోతున్నారో నువ్వూ చూశావు కదా."

'ఆవిడ' అంటున్నది తన గురించేనని అక్కకి తెలిసినట్టు లేదు.

ఆయిల్ దింపితే అందులో సన్నటి రాగి మెరుపులు కనిపించాయి. బేరింగుల పొట్టు. మేం ఇన్నాళ్లు అరగదీసింది ఇదే. ఫిఫ్టీ పోశాను. ఇంత అరిగాక టకటక పోదేమో, పోకపోతే అక్కకి ఏం చెప్పాలో అనుకుంటూ కాగేదాకా ఇంజన్ తిప్పాను. పోయింది. పూర్తిగా పోయింది. నా చేత్తో చేసిన పనుల్లో అంత శుభ్రంగా కుదిరిన పని ఇంకొకటి లేదు. గరాటు తీసి గోడకేసి కొట్టాను. అక్క వెళ్లి అది ఏరుకొచ్చి బల్ల మీద పెట్టింది.

సాయంత్రం ఇద్దరం చప్పుడు లేకుండా వాళ్లింటికి చేరాం. గేటు అక్కే తీసుకుంది. బావ కిటికీ దగ్గర ప్రశాంతంగా ఉన్నాడు.

"ఎవరండీ?" అన్నాడు.

"ఎదురింటిదాన్నండీ. కాఫీ పెట్టమంటారా?"

"మీకెందుకమ్మా శ్రమ. సరే, పెట్టండి. మా ఆవిడకి కూడా పెట్టండి, వచ్చే వేళయింది."

అక్క మూడు కప్పులు తెచ్చింది. బావకొకటి, నాకొకటి ఇచ్చి, మూడోది తన చేతిలోకి తీసుకుంది. బావ ఆ కప్పు వైపు నొచ్చుకుంటున్నట్టు చూశాడు.

"ఏమీ అనుకోకండి, అది ఆవిడదమ్మా. చల్లారిపోతుంది, మూత పెట్టి ఉంచండి."

అక్క కప్పు బల్ల మీద పెట్టి మూత పెట్టింది.