సొంత వేరు

ఆ నేల అతనాజ్‌ది కాదు. నేల మీది ద్రాక్ష మొక్కలు మాత్రం అతనివి. ఫ్రాన్సులో ల్వార్ నది దిగువ ఊళ్లన్నిటా అదే కట్టుబాటు. అతని ముత్తాత దొర నేలలో మస్కడే ద్రాక్ష నాటాడు. పంటలో నాలుగో వంతు దొరకి, మిగిలింది నాటినవాడి వంశానికి. ఆ మొక్కల్లో ఒక్కటి బతికి ఉన్నా దొర నేలని వెనక్కి తీసుకోలేడు.

తర్వాత వేరుకి పట్టే పేను వచ్చింది. పసుపు నలుసంత పురుగు. నాలుగేళ్లలో తోటలు తోటలే మాడిపోయాయి. చుట్టుపక్కలవాళ్లు పాత మొక్కలు పీకేసి, పేనుకి లొంగని అమెరికా వేరు మీద కట్టిన అంట్లు నాటుకున్నారు. పీకిన రోజే వాళ్ల హక్కు పోయి, కూలీలయ్యారు. అతనాజ్ పీకలేదు. ఏటి వైపు ఇసుక మూలలో ఒక మొక్క బతికింది. తోట మొత్తానికి అదొక్కటే. రోజూ వెళ్లి దాని ఆకులు తిప్పి చూసుకుని వచ్చేవాడు.

జూన్‌లో దొర పెత్తనం చూసే బ్రెజో బండి మీద వచ్చాడు. సాక్షిగా అతనాజ్ బావమరిది ఒనెజీమ్‌ని తెచ్చాడు.

"ఇదేనా నీ తోట?"

"మా బావ బట్టతల మీద కూడా ఇంతకన్నా ఎక్కువే మొలిచాయండీ" అన్నాడు ఒనెజీమ్.

"ఒక్కటి చాలు కదండీ" అన్నాడు అతనాజ్.

"చాలు. కాదన్నదెవరు? కానీ అన్నీ చచ్చి ఇదొక్కటే ఇంత పచ్చగా ఎలా ఉందయ్యా? దీని కింద ఉన్నది అమెరికా వేరు. పాతది పీకేసి అంటు నాటి, ముడి కనబడకుండా మట్టి కప్పావు."

అతనాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "మా ముత్తాత చేత్తో నాటింది ఇది!"

"దొరికినవాడు ప్రతివాడూ అదే అంటాడు."

అతనాజ్ పార అందుకున్నాడు. భార్య ఫిలొమెన్ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "కావాలనే రెచ్చగొడుతున్నారు. తవ్వకు."

"నన్ను దొంగంటున్నాడే!"

"అననీ. నోరు వాళ్లది."

అతను చెయ్యి విదిలించుకున్నాడు. మోకాలి లోతు తవ్వాడు. నడుం లోతు తవ్వాడు. "ఇంకా కిందకి పోయింది కదా, అక్కడుంది ముడి" అని బ్రెజో గట్టు మీద కూర్చుని అంటూనే ఉన్నాడు. చివరికి అతనాజ్ రెండు చేతులా పట్టి మొక్కని పెళ్లగించి, కూజాలో నీళ్లతో వేరు కడిగి, మిట్టమధ్యాహ్నపు ఎండలో పైకెత్తాడు.

"చూడండి! ముడి ఉందా? పేను ఉందా?"

బ్రెజో కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్కో వేరునీ గోటితో గీరి చూశాడు. టోపీ తీశాడు. "లేదు. సొంత వేరే. పొరబడ్డాను, ఏమనుకోకు."

అతనాజ్ నవ్వాడు. "విన్నావురా?" అన్నాడు బావమరిదితో. ఒనెజీమ్ తలెత్తలేదు.

"సరే, ఇప్పుడు చెప్పు" అన్నాడు బ్రెజో. "ఈ నేలలో పాతుకుని ఉన్న మొక్కలెన్ని?"

అతనాజ్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొక్కని గుంటలో దించి, మోకాళ్ల మీద కూర్చుని మట్టి లోపలికి తోశాడు. "బతుకుతుందండీ. నీళ్లు పోస్తాను. రోజూ పోస్తాను."

"పీకి నాటితే అది కొత్త మొక్క. కొత్తది నాటాలంటే దొరగారి అనుమతి కావాలి. ఒనెజీమ్, పీకింది ఎవరు?"

"మా బావేనండీ."

"ఎవరైనా బలవంతం చేశారా?"

ఒనెజీమ్ అక్క వైపు చూడలేదు. "లేదండీ."

"నవంబరులో అమెరికా అంట్లొస్తాయి. కూలీకి రా అతనాజ్. నీలాగా వేరు తెగకుండా తవ్వేవాడు ఈ చుట్టుపక్కల లేడు." బ్రెజో బండెక్కాడు. "ఆ మొద్దు ఇలా పడెయ్. మలుగు చేపలు కాల్చడానికి ద్రాక్ష కర్రే రుచి."

అతనాజ్ కదల్లేదు. ఒనెజీమే మొద్దుని గుంటలోంచి లాగి, మట్టి దులిపి బండిలో పెట్టాడు.

"అన్నట్టు, ఆ గుంట పూడ్చి వెళ్లు" అన్నాడు బ్రెజో. "ఎవరి గొడ్డయినా కాలు విరగ్గొట్టుకుంటే దొరగారికి చెడ్డపేరు."

అతనాజ్ పూడ్చాడు.