నోరు లేని మిషన్

"రెప్ప కొట్టవ్వా," అన్నాడు మిషన్ నడిపే శ్రవణ్.

నర్సక్క కొట్టింది. మిషన్ ఒప్పుకోలేదు.

"గుండ్రంల మొకం పెట్టి కొట్టాలె."

"గుండ్రం యాడుంది కొడుకా?"

"నీ ముందటనే ఉన్నది. కనవడ్తలేదా?"

కోరుట్లలోని ఆ సేవా కేంద్రంలో లైను నిండా మంచివాళ్లే. అందరూ "అయ్యో పాపం" అన్నారు. అని, ఒక అడుగు ముందుకు జరిగారు.

నర్సక్కకు చూపు పోయి చాలా కాలమైంది. బీడీలు చుట్టీ చుట్టీ వేలిముద్రలు అంతకుముందే అరిగిపోయాయి. వేలు పెడితే నువ్వెవరో తెలియదంటుంది మిషన్. అందుకే ముఖం చూసే కొత్త మిషన్ తెచ్చారు. అద్దంలా నున్నగా ఉంటుంది. తడిమితే చేతికి ఏదీ తగలదు.

శ్రవణే ఆమె గడ్డం పట్టుకొని అటూ ఇటూ తిప్పి రెప్ప పని కానిచ్చాడు.

"ఇగ నీ సీక్రెట్ నంబర్ చెప్పు. జర గట్టిగ, ఇనవడ్తలేదు."

పోయిన నెల గట్టిగానే చెప్పింది. వారం తిరిగేలోగా ఎవరో ఆమె ఖాతా ఊడ్చేశారు. లైన్లోని మంచివాళ్లలోనే ఎవరో.

"చెప్ప. నా చేతితోని నేనే కొడ్త."

"ఎట్ల కొడ్తవవ్వా? కండ్లు లేకపాయె."

ఆ నెల పింఛను లేకుండానే లేచి వచ్చింది.

ఈ మిషన్ సంగతి తేల్చడానికి బీడీ యూనియన్ షెడ్డులో మీటింగు పెట్టారు. చూపులేనివాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చారు. మిషన్ పెట్టిన కాంట్రాక్టు కంపెనీ కూడా అరవింద్ అనే డిజైనర్‌ని పంపింది. చాలా మర్యాదస్తుడు. మిషన్ పక్కన అతికించబోయే బ్రెయిలీ పట్టీ ఒకటి తెచ్చాడు.

నర్సక్క తడిమింది. "గివేంది, పొక్కులా?"

"బ్రెయిలీ అమ్మా. చదువుకోవచ్చు."

"కండ్లున్నప్పుడే సదువు రాలె. ఇప్పుడు సుక్కలు సదువుమంటవా?"

పెగడపల్లి నుంచి వచ్చిన సామేలు పుట్టుగుడ్డి, డిగ్రీ విద్యార్థి. పట్టీ మీద వేలు పెట్టి చదివాడు. "సార్, మీ అద్దంల బటన్లు పేజీ పేజీకి జాగ మారుతయి. గీ సుక్కలేమో ఒక్క కాడనే ఉంటయి. ఎట్ల?"

"మేం కళ్లు మూసుకుని టెస్ట్ చేశామండీ."

"బటన్ యాడుందో చూస్కొని మూసుకున్నరా, చూడకనా?"

అరవింద్ ఆ ప్రశ్నను ఫోన్‌లో రాసుకున్నాడు.

"చేతికి తగిలే బటన్లు పెట్టున్రి. చెవుల పెట్టుకునే తీగ పెట్టున్రి, ఏడ ఏముందో మాకే చెప్పాలె. నా పాత ఫోనే మాట్లాడుతది సార్, మీ మిషన్‌కు ఏం రోగం?"

"నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం," అన్నాడు అరవింద్. 'చూద్దాం' అన్నందుకు నొచ్చుకుని సారీ కూడా చెప్పాడు. పట్టీతో సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత పింఛన్ల ఆఫీసు నుంచి కబురు వచ్చింది: మిషన్‌తో శ్రవణ్‌నే మీ ఇళ్లకు పంపిస్తాం, గొడవ వద్దు.

"ఒప్పుకుందామే," అన్నాడు కనకయ్య. ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, నీటికాసులతో చూపు పోయింది. "తిరిగి తిరిగి పానం అలిసింది."

"ఇంటికచ్చినా నంబర్ వానికే చెప్పాలె గదనే?" అంది నర్సక్క.

"నీకు అన్నిటికీ లొల్లే."

"కార్ఖానల ఒక్క బీడీ వదులున్నా కట్ట మొత్తం మన మొకాన కొడ్తరు. గీ వదులు మిషన్‌ను మనమెందుకు తీసుకోవాలె? అది మాట్లాడేదాంక స్టూల్ మీదికెల్లి లేవద్దు."

కనకయ్య ఒప్పుకోలేదు. ఇంట్లో ఒక్కడే కూర్చోలేక తెల్లారి వాళ్ల వెంట వచ్చాడు.

కేంద్రం తెరవగానే నర్సక్క స్టూలు మీద కూర్చుంది. రెప్ప కొట్టలేదు, నంబరు చెప్పలేదు. "మాట్లాడు," అంది మిషన్‌తో. వెనుక ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నిలబడ్డారు. వాళ్ల వెనుక చూపున్న లైను.

"మా బిడ్డ ఇన్‌కం సర్టిఫికెట్‌కు ఇయ్యాల్నే లాస్టు!" అని అరిచింది స్వర్ణలత టీచర్. "పాపమనంగనే నెత్తికెక్కుతరా?"

"పాపమనకు టీచరమ్మా," అన్నాడు సామేలు. "లైన్ల ఉండు, చాలు."

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. నర్సక్కనూ సామేలునూ లేపి వ్యాను దగ్గరికి తీసుకెళ్లారు.

"మెట్టున్నదవ్వా, కాలు లేపు," అంది కానిస్టేబులమ్మ.

నర్సక్క కాలు లేపి ఎక్కింది. "సూషినవా బిడ్డా, నోటితోని చెప్తె ఎంత అల్కగ ఎక్కిన! గదే చేయుమంటున్నం."

లోపల స్టూలు ఖాళీ అయింది. "మేడం, రాండ్రి, మీది చేస్త," అని పిలిచాడు శ్రవణ్.

స్వర్ణలత కదిలింది. ముందు భుజాల వరుస చూసి ఆగిపోయింది. "వాళ్లున్నరు గద ముందు," అంది, చాలా విసుగ్గా.

కనకయ్య తడుముకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"పెద్దమనిషివి, నువ్వన్న ఇంటికి పో," అన్నాడు ఎస్సై.

"పోత సార్. నాకూ కాళ్లు గుంజుతున్నయ్." కనకయ్య మిషన్ అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. "ఏమే, జల్ది మాట్లాడు. నా ఎన్క శానమంది ఉన్నరు."